మంగు మచ్చలున్న జిడ్డు చర్మానికి ఎలాంటి సన్‌స్క్రీన్ వాడాలి? ఇంట్లో అందరికీ ఒకటే సరిపోతుందా?

గోదారిగట్టు టీచరమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, వయసు నలభైకి దగ్గర పడుతోంది. రెండో కాన్పు తరువాత రెండు బుగ్గల మీద, పై పెదవి మీద మంగు మచ్చలు వచ్చాయి. చలికాలంలో కొంచెం పలచబడినట్టు కనిపిస్తాయి కానీ మార్చి వచ్చేసరికి మళ్ళీ ముదురుతాయి. మా బడి ఊరికి దూరం కావడంతో ఉదయం స్కూటీ మీద వెళ్ళి, సాయంత్రం నాలుగు దాటాక తిరిగి వస్తాను. దారంతా పొలాల మధ్య రోడ్డు, చెట్టు నీడ చాలా తక్కువ. నా చర్మం జిడ్డుగా ఉంటుంది, పదకొండు గంటలకల్లా ముక్కు, నుదురు మెరవడం మొదలవుతుంది.

మందుల షాపులో అడిగితే ఎస్‌పీఎఫ్ 50 అని రాసి ఉన్న జెల్ ఇచ్చారు. ఉదయం స్నానం అయ్యాక బఠాణీ గింజంత తీసుకుని ముఖానికి రాసుకుంటున్నాను. సంక్రాంతికి కొన్న యాభై గ్రాముల ట్యూబు ఇంకా సగం ఉంది, మచ్చలు మాత్రం తగ్గలేదు. ఎస్‌పీఎఫ్ 100 కొనుక్కోమని తోటి ఉపాధ్యాయిని ఒకరు సలహా ఇచ్చారు. అంతకు ముందు జింక్ ఉన్న క్రీము ఒకటి వాడితే ముఖం సున్నం కొట్టిన గోడలా కనిపించి, వెనక బెంచీల్లో పిల్లలు నవ్వుకోవడంతో మానేశాను.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడికి మొటిమలు. నా జెల్ రాసుకుంటే మొటిమలు ఎక్కువవుతున్నాయని అంటాడు. మా అత్తయ్య గారిది బాగా పొడి చర్మం, ఆవిడ ఉదయం పూట మిద్దె మీద మొక్కల దగ్గర చాలాసేపు ఎండలో ఉంటారు. ముగ్గురికీ ఒకే ట్యూబు సరిపోతుందా, వేరువేరుగా కొనాలా? తరగతి గదిలో, వంటింట్లో ఉన్నప్పుడు కూడా రాసుకోవాలా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

చర్మవైద్యురాలు, విశాఖపట్నం

టీచర్ గారూ, జవాబుకు కావలసిన ముఖ్యమైన వివరం మీరే ఇచ్చారు. సంక్రాంతికి కొన్న ట్యూబు ఇంకా సగం ఉందన్నారు కదా, ఎస్‌పీఎఫ్ 100 సంగతి పక్కన పెట్టి ముందు ఆ విషయం చూద్దాం.

ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ అని వేసే అంకెను, అంటే ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే కొలతను, ప్రయోగశాలలో నిర్ణయించేటప్పుడు ఒక చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాస్తారు. ముఖం, చెవులు, మెడ ముందు భాగం కలిపి సుమారు ఆరు వందల చదరపు సెంటీమీటర్లు ఉంటాయనుకుంటే, ఒక్కసారి రాయడానికి ఒక గ్రాము పైచిలుకు కావాలి. చూపుడు వేలు, మధ్య వేలు చాపి, మొదటి నుంచి చివరి దాకా రెండు గీతలుగా క్రీము పిండితే దాదాపు అంత వస్తుంది. ఈ లెక్కన యాభై గ్రాముల ట్యూబు నలభై, యాభై సార్లకు అయిపోవాలి, అంటే రోజుకు రెండుసార్లు రాస్తే నెల తిరక్కుండానే ఖాళీ కావాలి. మామూలుగా జనం రాసుకునేది ఇందులో పావు వంతు నుంచి సగం దాకా మాత్రమే ఉంటుంది. పూత సగానికి తగ్గితే రక్షణ కూడా సగానికి, కొన్నిసార్లు అంతకన్నా కిందికి పడిపోతుంది. బఠాణీ గింజంత రాసుకున్నప్పుడు మీ ముఖం మీద ఉన్నది 50 కాదు, పదికి అటూ ఇటూ ఉండే రక్షణ మాత్రమే.

ఎస్‌పీఎఫ్ 100 ఎందుకు అక్కరలేదో కూడా చెబుతాను. తగినంత మందంగా రాసినప్పుడు ఎస్‌పీఎఫ్ 15 ఉన్న క్రీము యూవీబీ కిరణాల్లో (చర్మాన్ని ఎర్రగా కమిలించే అతినీలలోహిత కిరణాలు) సుమారు 93 శాతాన్ని, 30 ఉన్నది 97 శాతాన్ని, 50 ఉన్నది 98 శాతాన్ని ఆపుతుంది. వంద అని రాసి ఉన్నది 99 శాతం దగ్గర ఆగుతుంది. 50 నుంచి 100కు వెళ్ళడం వల్ల దక్కేది ఆ ఒక్క శాతమే. అదే డబ్బుతో రెండో ట్యూబు కొని ధారాళంగా రాసుకోవడం మేలు.

మంగు మచ్చలకు సంబంధించి అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఎస్‌పీఎఫ్ అనే కొలత చర్మం ఎర్రగా కమలడానికి ఎంత ఎండ పడుతుందన్న పరీక్ష మీద ఆధారపడింది, ఆ పరీక్ష లేత రంగు చర్మం ఉన్న వాలంటీర్ల వీపు మీద చేస్తారు. 1975లో హార్వర్డ్‌కు చెందిన చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి విభజించడం మొదలుపెట్టారు, తరువాత అది ఆరు రకాలుగా స్థిరపడింది. మన తెలుగువారిలో ఎక్కువమంది అందులో నాలుగు, అయిదు రకాలకు చెందుతారు. ఈ చర్మం అంత సులభంగా ఎర్రబడి పొలుసులు రాలదు, కానీ నల్లబడటానికి మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మనకు ఎండ చేసే ప్రధానమైన చెరుపు మచ్చ, నలుపు. అందువల్ల మనలాంటివారు ఎస్‌పీఎఫ్ ఒక్కటే చూసి సన్‌స్క్రీన్ కొంటే, తమకు అంతగా లేని ఇబ్బందికి రక్షణ కొనుక్కుని, ఉన్న ఇబ్బందిని వదిలేసినట్టవుతుంది.

మచ్చలను ముదిరించడంలో యూవీఏ కిరణాలకు పెద్ద పాత్ర ఉంది. ఇవి 320 నుంచి 400 నానోమీటర్ల తరంగాలు, భూమిని చేరే అతినీలలోహిత కాంతిలో దాదాపు 95 శాతం ఇవే. మామూలు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏను చాలావరకు లోపలికి వదిలేస్తుంది. బస్సులో కిటికీ పక్క సీటు, తరగతి గదిలో ఎండ పడే కిటికీ దగ్గరి బల్ల, ఈ రెండూ అందుకే లెక్కలోకి వస్తాయి. యూవీఏ రక్షణ తెలియాలంటే ట్యూబు మీద పీఏ అన్న అక్షరాల పక్కన ఎన్ని ప్లస్ గుర్తులున్నాయో చూడండి. 1996లో జపాన్‌లో మొదలైన ఈ పద్ధతిలో మూడు ప్లస్‌లంటే యూవీఏ రక్షణ 8 నుంచి 16 లోపు అనీ, 2013లో చేర్చిన నాలుగో ప్లస్ ఉంటే 16 లేదా ఆపైన అనీ అర్థం. యూరప్ నుంచి వచ్చే ట్యూబుల మీద ప్లస్‌లకు బదులు ఒక వలయంలో యూవీఏ అని ఉంటుంది, ఆ రక్షణ ఎస్‌పీఎఫ్ అంకెలో కనీసం మూడో వంతు ఉందని దాని భావం.

ఇక చాలామందికి తెలియనిది, కంటికి కనిపించే వెలుతురు కూడా మన రంగు చర్మాన్ని నల్లబరుస్తుందన్న విషయం. ముఖ్యంగా నీలి, ఊదా భాగం వల్ల నాలుగో రకం నుంచి ఆరో రకం దాకా ఉన్న చర్మంలో వచ్చే నలుపు చాలాకాలం నిలిచిపోతుంది, అదే లేత చర్మంలో దాదాపు రాదు. పారదర్శకంగా ఉండే జెల్ ఏదీ ఈ వెలుతురును ఆపలేదు, ఎందుకంటే మన కంటికి కనబడనిది ఆ వెలుతురును అడ్డుకోనిదే అయి ఉంటుంది. దీన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే లేత గోధుమ రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్లకు ఆ రంగును ఇచ్చే పదార్థం. మంగు మచ్చల రోగులను రెండు జట్లు చేసి, అందరికీ ఒకే పైపూత మందు ఇస్తూ, ఒక జట్టుకు మామూలు సన్‌స్క్రీన్, మరో జట్టుకు ఐరన్ ఆక్సైడ్ కలిపినది ఇచ్చి చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అందులో రెండో జట్టుకే ఎక్కువ మేలు కనిపించింది. కాబట్టి మీకు నా సలహా ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50 మధ్య, పీఏ మూడు లేదా నాలుగు ప్లస్‌లు, ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ రకం. మీరు చెప్పిన తెల్లపూత బాధ కూడా దీనితో చాలావరకు తీరుతుంది.

వంటింటి విషయానికి వస్తే, పొయ్యి సెగ వల్ల కూడా మంగు మచ్చలు ముదరవచ్చు, కానీ వేడిని ఏ సన్‌స్క్రీనూ ఆపదు. పొయ్యికి కొంచెం ఎడంగా నిలబడటం, చిమ్నీ లేదా ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకోవడం తప్ప క్రీముతో పని లేదు. రాత్రి ట్యూబులైటు కింద కూర్చుని రాసుకోవాల్సిన అవసరం అంతకన్నా లేదు.

మీ అబ్బాయికి పలుచని జెల్ గానీ నీళ్ళలాంటి ఫ్లూయిడ్ గానీ మంచిది. మొటిమలకు డాక్సీసైక్లిన్ లేదా ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతూ ఉంటే చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, అలాంటప్పుడు సన్‌స్క్రీన్ మానడం అసలు కుదరదు. మొటిమ మానిన చోట మిగిలే నల్ల మచ్చను కూడా ఎండే ముదిరిస్తుంది. అత్తయ్య గారికి తేమను పట్టి ఉంచే గ్లిజరిన్ లేదా సెరమైడ్లు ఉన్న చిక్కటి క్రీము రకం ఇవ్వండి, తడి ఆరీ ఆరకముందే మాయిశ్చరైజర్ రాసి, కొన్ని నిమిషాలు ఆగి దాని మీద రాస్తే చర్మం లాగినట్టు ఉండదు. ఆవిడ రక్తపోటుకు హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న మాత్ర వేసుకుంటున్నారేమో ఒకసారి చూడండి. అది కూడా చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి, వైద్యుడితో మాట్లాడండి.

మందుల షాపు, ఖమ్మం

డాక్టర్ గారు చెప్పినదానికి కౌంటరు ఇవతలి నుంచి నేను గమనించినవి కొన్ని కలుపుతాను. మా దగ్గరికి వచ్చేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న మినరల్ మంచిదా, కెమికల్ మంచిదా అని. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి మినరల్ రకం. అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్, ఆక్టినాక్సేట్ లాంటివి రెండో రకం. మినరల్ రకం కిరణాలను తిప్పికొడుతుందనీ, కెమికల్ రకం పీల్చుకుంటుందనీ ప్రచారంలో ఉంది కానీ, నిజానికి జింక్, టైటానియం కూడా అతినీలలోహిత కిరణాలను ప్రధానంగా పీల్చుకునే పనిచేస్తాయి, తిప్పికొట్టేది కొద్ది భాగమే. కాబట్టి తేడాను చర్మానికి పడటంలో, కనిపించే తీరులో చూసుకోవాలి. తొందరగా మండే, దురద పెట్టే చర్మానికి, కళ్ళ చుట్టూ రాయడానికి, చిన్నపిల్లలకు జింక్ ఉన్నది, సువాసన కలపనిది నప్పుతుంది. ఆరు నెలల లోపు పసివారికి మాత్రం ఏదీ రాయకుండా నీడలో ఉంచడమే పద్ధతి. కొత్త ట్యూబు ఏది కొన్నా చెవి వెనక కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూసుకుని ఆ తరువాత ముఖానికి వాడండి.

అవోబెంజోన్ యూవీఏను బాగా ఆపుతుంది కానీ ఎండ తగిలిన కొద్దీ తానే విచ్ఛిన్నమవుతుంది, ఆక్టినాక్సేట్ తోడైతే ఇంకా త్వరగా పాడవుతుంది. ఆక్టోక్రిలీన్ లేదా బెమోట్రిజినాల్ కూడా ఉంటే నిలబడుతుంది. పదార్థాల జాబితాలో ఈ జోడింపు చూసి కొనడం తెలిసినవారి లక్షణం. మొటిమలు రానివ్వనిది అని అర్థం వచ్చేలా నాన్ కామెడోజెనిక్ అని ట్యూబు మీద రాస్తారు, అయితే ఆ మాటకు ప్రభుత్వం నిర్దేశించిన పరీక్ష అంటూ ఏదీ లేదు, కనుక దాన్ని సూచనగానే తీసుకోవాలి. మన దేశంలో సన్‌స్క్రీన్ సౌందర్య సాధనాల నిబంధనల కిందికి వస్తుంది, అమెరికాలో అది వైద్యుని చీటీ లేకుండా అమ్మే మందుగా లెక్క. అక్కడ 2011 నిబంధనల్లో వాటర్‌ప్రూఫ్ అన్న మాటను ట్యూబుల మీద రాయకూడదని తేల్చారు, నీళ్ళలో 40 నిమిషాలు నిలుస్తుందా, 80 నిమిషాలు నిలుస్తుందా అని మాత్రమే రాయాలి. చెమటలో తడిసే మన ఎండలకు ఆ వివరం ఉన్న ట్యూబు ఎంచుకోవడం మంచిది.

ధర చూసేటప్పుడు ట్యూబు ధర కాకుండా గ్రాము ధర చూడండి. 50 గ్రాములు 500 రూపాయలైతే గ్రాము పది రూపాయలు, అంటే ముఖానికి ఒక్కసారి సరిగ్గా రాయడానికి పది, పన్నెండు రూపాయలు. ఖరీదైనది కొని పొదుపుగా పూసుకోవడం కన్నా, చవకైనా పీఏ గుర్తులు సరిగా ఉన్నది ధారాళంగా రాసుకోవడమే లాభం. ఇంకో మాట, చాలామంది ట్యూబును స్కూటీ డిక్కీలోనో కారు డ్యాష్‌బోర్డు మీదో పడేసి ఉంచుతారు. వేసవిలో ఆ వేడికి క్రీములోని నూనె, నీరు విడిపోతాయి. మూత తీయగానే ముందు పలుచని నీళ్ళలాంటిది కారితే ఆ ట్యూబును ఇక నమ్మకండి.

అన్నింటికన్నా గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. మంగు మచ్చలకని మా షాపులోనే రోజూ ఎవరో ఒకరు పేరు చెప్పి అడిగే ట్యూబులు కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొమెటసోన్ అనే స్టెరాయిడ్‌తో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపినవి కొన్ని, ఉత్త బెటామెథసోన్ లేదా క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్లే ఉన్నవి కొన్ని. మొదటి రెండు వారాల్లో ముఖం తెల్లగా వస్తుంది కనుక పక్కింటివారికి కూడా చెబుతారు. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రటి సన్న నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వచ్చి, ఎండలో అడుగు పెడితే మంట పుడుతుంది. మానగానే మచ్చలు మునుపటికన్నా ముదురుగా తిరిగి వస్తాయి. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతలను కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. మేడమ్, మీరు ఇదివరకు అలాంటిది వాడి ఉంటే డాక్టర్ గారికి దాచకుండా చెప్పండి.

అనంతపురం రైతుబిడ్డ

అందరి మాటలూ చదివాను. మా నాయన, తాత వేరుశనగ చేలల్లో పొద్దంతా పనిచేశారు. తలకు తలగుడ్డ, ఒంటికి నిండు చేతుల చొక్కా, మధ్యాహ్నం వేపచెట్టు కింద కునుకు తప్ప వారికి ఏ క్రీమూ తెలియదు. ఆడవాళ్ళు పసుపు రాసుకునేవారు, కొంగు ముఖం మీదికి లాక్కునేవారు. నెలకు వెయ్యి రూపాయలు ముఖానికి పూసుకొమ్మని పల్లెల్లో కూలి చేసుకునేవారికి ఎవరు చెప్పగలరు? పైగా ఎండ తగలకపోతే డి విటమిన్ తగ్గిపోతుందని ఒకవైపు వైద్యులే అంటున్నారు. రెండింటిలో ఏది నమ్మాలో డాక్టరమ్మ చెప్పాలి.

చర్మవైద్యురాలు, విశాఖపట్నం

పెద్దవారు మీరు, మీ మాటల్లో సగానికి పైగా నేను కూడా రోగులకు చెప్పేవే. తలగుడ్డ, నిండు చేతుల చొక్కా, మిట్టమధ్యాహ్నం నీడ, వీటి తరువాతే సన్‌స్క్రీన్. దట్టంగా నేసిన ముదురు రంగు బట్ట రెండు గంటలకొకసారి మళ్ళీ రాయనక్కరలేని రక్షణ, దానికి నెలనెలా ఖర్చు లేదు. పలుచని తెల్ల నూలు బట్ట అంతగా ఆపదు, చెమటకు తడిస్తే ఇంకా తక్కువ ఆపుతుంది. గొడుగు నేరుగా పడే ఎండను ఆపుతుంది కానీ ఆకాశం నలుమూలల నుంచి, నేల మీద నుంచి చెదిరి వచ్చే కిరణాలను ఆపలేదు. చేలో పనిచేసే కూలీకి క్రీము కొనమని నేను చెప్పను. వెడల్పు అంచు టోపీ, కండువా, పదకొండు నుంచి మూడు దాకా విరామం ఇప్పించమని యజమానికి చెబుతాను.

ముదురు రంగు చర్మానికి పుట్టుకతోనే కొంత రక్షణ ఉంటుందన్నది కూడా నిజమే. బాగా నల్లని చర్మపు పైపొర ఎస్‌పీఎఫ్ 13కు సమానమైన రక్షణ ఇస్తుందనీ, తెల్లవారి చర్మానికి అది మూడు పైచిలుకు మాత్రమేననీ కొలిచి చూశారు. అందుకే మనలో ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ బాగా తక్కువ. మీ తాతగారి తరానికి వచ్చిన మచ్చలను, ముడతలను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టలేదు, అది వారి ఇష్టం. టీచర్ గారు మాత్రం మచ్చ తగ్గాలని అడుగుతున్నారు, ఆ పనికి బట్ట, నీడ ఒక్కటే చాలవు. బొల్లి మచ్చలున్నవారికి, పుట్టుకతో రంగు లేని అల్బినిజం ఉన్నవారికి ఈ సహజ రక్షణ కూడా ఉండదు కనుక, పల్లెల్లో ఉన్నా సరే వారికి క్రీము అవసరమే.

పసుపు, కొబ్బరినూనె, శనగపిండి చాలామంది చర్మానికి హాని చేయవు, ఎండను ఆపే పనికి మాత్రం చాలవు. డి విటమిన్ గురించి మీ అనుమానం సబబైనదే. కానీ మామూలుగా జనం వాడే తీరులో సన్‌స్క్రీన్ వల్ల డి విటమిన్ లోపం వస్తుందని పరిశోధనల్లో తేలలేదు. మన దేశంలో క్రీము ముఖం ఎరుగని కోట్లమందికి కూడా ఆ లోపం ఉంది. ముఖానికి, మెడకు రాసుకుని చేతులకు, కాళ్ళకు కాసేపు ఎండ తగలనిస్తే అభ్యంతరం లేదు, లోపం ఉందని రక్తపరీక్షలో తేలితే మాత్రలున్నాయి.

మెల్‌బోర్న్ తెలుగు

ఇక్కడి పద్ధతి ఒకటి చెబుతాను. విక్టోరియా రాష్ట్రంలో 1981లో మొదలైన ప్రచారంలో పిల్లలకు నేర్పిన వరస ముందు చొక్కా తొడుక్కో, తరువాత క్రీము రాసుకో, ఆపైన టోపీ పెట్టుకో అన్నది. 2007లో నీడ వెతుక్కో, చలువ కళ్ళద్దాలు పెట్టుకో అన్నవి కూడా చేర్చారు. అనంతపురం మావయ్య గారు చెప్పిన వరస కూడా దాదాపు ఇదే. ఇక్కడ వాతావరణ వార్తల్లో ఉష్ణోగ్రతతో పాటు అతినీలలోహిత కిరణాల తీవ్రత తెలిపే యూవీ సూచిక చెబుతారు, అది మూడు లేదా ఆపైన ఉంటే రక్షణ తీసుకోవాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఆ సూచిక పదకొండు దాటడం మామూలే, డిసెంబరు మధ్యాహ్నాల్లో కూడా మూడుకు పైనే ఉంటుంది. చల్లగా ఉంది కదా అని చలికాలంలో మానేయడం ఎండ వేడినీ, అతినీలలోహిత కిరణాలనూ ఒకటిగా చూడటం వల్లే జరుగుతుంది. ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో ఈ సూచిక కనిపిస్తుంది, ఉదయాన్నే ఒకసారి చూసుకోండి. మబ్బు పట్టిన రోజున కూడా చూడండి, పలుచని మబ్బుల గుండా ఈ కిరణాల్లో చాలా భాగం కిందికి దిగుతుంది.

ఇక్కడ స్థిరపడిన మనవాళ్ళలో, మన రంగుకు క్యాన్సర్ రాదు అన్న ధీమా కనిపిస్తుంది. మన రంగు వారికి అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఎండతో సంబంధం లేదు, దాన్ని క్రీము ఆపదు. అక్కడ కొత్తగా నల్లమచ్చ కనిపిస్తే వైద్యుడికి చూపించడమే మార్గం.

గోదారిగట్టు టీచరమ్మ

అందరికీ కృతజ్ఞతలు. ఫార్మసీ వారు అడిగారు కనుక చెబుతున్నాను, రెండేళ్ళ క్రితం బంధువులు ఇచ్చిన ట్యూబు ఒకటి కొంతకాలం వాడాను, దాని పేరు చూస్తే మొమెటసోన్ ఉన్నదే. ఇప్పుడు వాడటం లేదు. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. టింటెడ్ రకం మన రంగుకు సరిపోయేది ఎలా ఎంచుకోవాలి? బడిలో మధ్యాహ్నం మళ్ళీ రాసుకోవడం ఎలా, జిడ్డు, చెమట, సుద్దముక్కల పొడి మీద రాస్తే ముఖం మురికి పట్టినట్టు ఉండదా?

మందుల షాపు, ఖమ్మం

రంగు విషయం నేను చెబుతాను మేడమ్. ట్యూబు రంగును చేతి మీద చూసి ఎంచుకోకండి, చేతి రంగు, ముఖం రంగు వేరుగా ఉంటాయి. దవడ అంచు మీద చిన్న గీత రాసి, షాపు బయటికి వచ్చి పగటి వెలుతురులో అద్దంలో చూసుకోండి, గీత కలిసిపోతే అది మీ రంగు. షాపులోని లైట్ల కింద అన్నీ నప్పినట్టే ఉంటాయి. ఒకే రంగులో వచ్చే చాలా టింటెడ్ రకాలు లేత చర్మానికి తగినట్టు తయారవుతాయి, మన చామనఛాయకు అవి బూడిద రంగుగా కనిపిస్తాయి. రెండు మూడు ఛాయల్లో దొరికేది అడగండి. సరిగా నప్పేది దొరక్కపోతే మామూలు సన్‌స్క్రీన్ రాసి ఆరిన తరువాత, జాబితాలో ఐరన్ ఆక్సైడ్ ఉన్న కాంపాక్ట్ పౌడర్ మీ రంగుది పలచగా అద్దుకోవచ్చు. సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ కొలత మాత్రం తగ్గించకూడదు, పౌడర్ ఎస్‌పీఎఫ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

చర్మవైద్యురాలు, విశాఖపట్నం

రెండో సందేహానికి నేను జవాబిస్తాను. రెండు గంటలకొకసారి రాయాలన్న నియమం ఆరుబయట ఉన్నవారికి. మీరు రోజంతా గది లోపల, కిటికీకి దూరంగా ఉన్నప్పుడు గడియారం చూసుకుంటూ రాసుకోనవసరం లేదు. మీకు పనికివచ్చేది ఇంటి నుంచి బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందు ఒకసారి, సాయంత్రం బడి వదలడానికి ముందు ఇంకోసారి. మధ్యలో మైదానంలో పిల్లలతో ఉండే పీరియడ్ ఉంటే అప్పుడు అదనంగా. సాయంత్రం రాసే ముందు ఉత్త నీళ్ళతో ముఖం కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఆరాక రాసుకోండి. సబ్బు వద్దు, మూడుపూటలా సబ్బుతో కడిగితే జిడ్డు ఇంకా ఎక్కువగా ఊరుతుందనిపిస్తుంది, చర్మం మండుతుంది. రెండు వేళ్ళ క్రీము ఒకేసారి రాస్తే జిడ్డుగా, ముద్దగా ఉంటుంది. ముందు ఒక వేలి గీత రాసి, రెండు నిమిషాలు ఆగి, రెండో గీత రాస్తే అదే కొలత పలుచగా పరుచుకుంటుంది. చెవులు, మెడ పక్కలు, పాపిడి అందరూ మరిచిపోయే చోట్లు. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు పూర్తి ముఖాన్ని కప్పే హెల్మెట్ పెట్టుకుంటే అది వేరే రక్షణ, కానీ దాని పారదర్శకమైన అద్దం నుంచి వెలుతురు లోపలికి వస్తుంది కనుక క్రీము మానకండి. మీ అబ్బాయి క్రికెట్ ఆడేటప్పుడు చెమటతో పాటు క్రీము కారి కళ్ళు మండుతున్నాయంటే, నుదుటికి, కళ్ళ చుట్టూ జింక్ ఉన్న స్టిక్ రకం ఇవ్వండి.

మొమెటసోన్ వాడిన చర్మం కనుక, కొత్త పూత మందులేవీ సొంతంగా మొదలుపెట్టకండి. ముందు మూడు నెలల పాటు టింటెడ్ సన్‌స్క్రీన్ సరైన కొలతలో వాడి, మొదటి రోజు, చివరి రోజు ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫోటో తీసి ఉంచుకోండి, అద్దంలో రోజూ చూసుకుంటే మార్పు తెలియదు. సన్‌స్క్రీన్ ఒక్కటే పాత మచ్చను తుడిచేయదు, ముదరకుండా ఆపుతుంది. ఆ పునాది ఉంటేనే అజెలాయిక్ యాసిడ్ లాంటి, మచ్చలు తగ్గించే మందులు పనిచేస్తాయి. ఆ రెండు ఫోటోలు, ఇదివరకు వాడిన ట్యూబు పట్టుకుని దగ్గర్లోని చర్మవైద్యుడిని కలవండి. కాకినాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో కూడా చర్మవ్యాధుల విభాగం ఉంది.